గుత్తకా, కూలికా?
కరెంటు పనికి ధర చెప్పడం

వరి ఊడుపులు గుత్తకు ఇస్తారు. ఎకరాకు ఇంత అని మాట్లాడుకుంటారు. పదిమంది ఆడవాళ్ళు ముఠాగా దిగుతారు. తొందరగా ఊడిస్తే తొందరగా ఇల్లు చేరతారు. కలుపు తీతకు మాత్రం చాలాచోట్ల రోజు కూలి ఇస్తారు. ఎందుకని?

ఊడుపు పని కంటికి కనిపిస్తుంది. ఎకరా అంటే ఎకరాయే. దమ్ము పట్టి ఉంది. నారు సిద్ధంగా ఉంది. ఎంతసేపు పడుతుందో ముందే తెలుసు. కలుపు అలా కాదు. ఒక మడిలో పలచగా ఉంటుంది. పక్క మడిలో వరి కంటే తుంగే ఎక్కువ ఉంటుంది. దిగితే గాని తెలియదు. దాన్ని గుత్తకు ఇస్తే పైపైన పీకేసి గట్టెక్కేస్తారు. వేళ్ళు లోపలే ఉండిపోతాయి.

ఈ సంగతి మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. పొలంలో దిగిన ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఇదే తెలివి కరెంటు పనికి కూడా పనికి వస్తుంది. ఏ పనికి ముందే ఒక ధర చెప్పేయవచ్చు? ఏ పనికి చెప్పకూడదు? అది తెలుసుకుందాం.

మధురవాడ ఒకప్పుడు పల్లె. 2005లో మహా విశాఖ నగరం ఏర్పడినప్పుడు అందులో కలిసింది. ఇప్పుడు చుట్టూ అపార్టుమెంట్లు వచ్చాయి. కొమ్మాది, పి.ఎం. పాలెం, మిథిలాపురి కాలనీ, అటు రుషికొండ వరకు ఇళ్ళే ఇళ్ళు. ఇల్లు ఉన్నచోట కరెంటు పని ఉంటుంది. ఆ పని చేసి బతికే కుటుంబాలు కూడా ఉన్నాయి.

అలాంటి ఒక ఇల్లు అనుకుందాం. భర్త ఎలక్ట్రీషియన్. పొద్దున్న సంచి తగిలించుకొని బండి మీద వెళతాడు. నిచ్చెన ఎక్కి ఉన్న మనిషి ఫోను తీయలేడు. అందుకని ఫోను భార్య దగ్గర ఉంటుంది.

ఫోను మోగుతుంది.

"అమ్మా, ఫ్యాను బిగించడానికి ఎంత తీసుకుంటారు?"

"మా ఆయన వచ్చి చూసి చెప్తారండి."

అవతలివాళ్ళు ఫోను పెట్టేస్తారు. ఇంకొకరికి చేస్తారు. బేరం పోయింది.

ఒప్పుకున్నవాళ్ళ ఇంటికి వెళ్ళినా గొడవే. పని అయ్యాక "ఇంతేటి? అరగంట కూడా పట్టలేదు కదా" అంటారు. మొహమాటపడి ఇచ్చింది తీసుకొని వస్తాడు. ఒక ఇంట్లో 300. అదే పనికి ఇంకో ఇంట్లో 150. నెలాఖరుకు అద్దె కట్టాలి. పిల్లల ఫీజు కట్టాలి. ఎంత వస్తుందో తెలియదు.

ఆ ఇల్లాలు రాత నేర్చుకుంది. ఒక నోటు పుస్తకం కొంది. గీతలు గీసి గడులు చేసింది. ఏం పని, ఇంటి నుంచి ఎప్పుడు బయలుదేరాడు, పని ఎంతసేపు పట్టింది, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది. రోజూ రాత్రి భర్తను అడిగి రాసింది. మూడు నెలలు రాసింది. మొదట్లో అతను విసుక్కున్నాడు. "ఏటిదంతా?" అన్నాడు. అయినా చెప్పాడు.

ఇప్పుడు ఆ పుస్తకంలో ఫ్యాను బిగించిన పనులు పది తీసుకుందాం. ఒక్కోదానికి పట్టిన నిమిషాలు ఇవి:

30, 30, 35, 40, 30, 45, 35, 30, 40, 85

అన్నీ కూడితే 400. పదితో భాగిస్తే 40. అంటే సగటున ఫ్యానుకు 40 నిమిషాలు. వెళ్ళి రావడానికి ఇంకో 20 నిమిషాలు వేసుకుందాం. మొత్తం గంట.

తొమ్మిది పనులు ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. ఒక్కటే 85 నిమిషాలు పట్టింది. ఆ ఇంట్లో స్లాబుకు హుక్కు లేదు. డ్రిల్లింగు మిషన్‌తో స్లాబుకు రంధ్రం వేయాలి. హుక్కు గట్టిగా బిగించాలి. అందుకే ఆలస్యం అయింది. ఈ విషయం ఫోన్లోనే అడిగి తెలుసుకోవచ్చు. "హుక్కు ఉందా అమ్మా? వైరు పైనుంచి దిగి ఉందా?" అంటే చాలు. లేదు అంటే ధర వేరు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. రెండు విషయాలు చూడాలి. పని ప్రతిసారీ ఇంచుమించు ఒకే సమయం పట్టాలి. ఎప్పుడైనా ఎక్కువ పడితే, ఎందుకు పడుతుందో ముందే అడిగి తెలుసుకునే వీలుండాలి. ఈ రెండూ ఉన్న పనికి గుత్త ధర చెప్పవచ్చు. ఫ్యాను బిగించడం అలాంటి పని. ట్యూబులైటు మార్చడం, కాలింగ్ బెల్లు పెట్టడం, ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే కెపాసిటరు మార్చడం కూడా అలాంటివే.

మరి ధర ఎంత? ఇక్కడ చాలామంది తప్పు లెక్క వేస్తారు. కింది అంకెలు లెక్క నేర్చుకోవడానికి మాత్రమే. బజారు రేట్లు కావు.

ఆ ఇంటికి రోజుకు 900 రూపాయలు మిగలాలి. పెట్రోలు, ఫోను, పనిముట్ల అరుగుదల కలిపి రోజుకు 150 ఖర్చు. మొత్తం 1,050 రావాలి. ఫ్యానుకు గంట పడుతుంది. రోజుకు ఆరు గంటలు పని చేయగలడు. కాబట్టి 1,050ని ఆరుతో భాగిస్తే 175. ఫ్యానుకు 175 చాలు అనిపిస్తుంది.

కాని పుస్తకం ఇంకోలా చెబుతోంది. రోజుకు వచ్చే పనులు ఆరు కావు. సగటున నాలుగే వస్తున్నాయి. నాలుగు పనులకు 175 చొప్పున 700. ఖర్చు 150 పోతే మిగిలేది 550. కావలసింది 900. రోజూ 350 తక్కువ!

అందుకని చేయగలిగిన పనులతో భాగించకూడదు. నిజంగా వచ్చే పనులతో భాగించాలి. 1,050ని నాలుగుతో భాగిస్తే 262 రూపాయల 50 పైసలు. ఆమె 270 అని పెట్టుకుంది. బండి ఒక్కసారే వెళుతుంది కాబట్టి అదే ఇంట్లో రెండో ఫ్యానుకు తగ్గించి చెబుతుంది. అది న్యాయం కూడా.

ఫ్యాను, కెపాసిటరు, హుక్కు వంటి సామాను డబ్బు వేరు. 270 చేతి పనికి మాత్రమే. ఈ మాట ఫోన్లోనే చెప్పాలి. చెప్పకపోతే చివర్లో తగువు వస్తుంది.

ఇక రెండో రకం పని. ఫోను వస్తుంది. "అమ్మా, మా ఇంట్లో కరెంటు ఉన్నట్టుండి పడిపోతోంది. మెయిన్ దగ్గర స్విచ్చి కింద పడిపోతోంది. ఎంత తీసుకుంటారు?"

పుస్తకంలో ఇలాంటివి ఐదు ఉన్నాయి. ఒకటి 20 నిమిషాల్లో అయింది. వైరు ఒకచోట వదులైంది, బిగించాడు. ఇంకోటి 40 నిమిషాలు. ఒకటి గంట. ఒకటి 3 గంటలు. ఐదోది రెండు రోజులు పట్టింది. అంటే 12 గంటల పని. బాత్రూము గోడలోకి నీరు దిగి పైపులో వైరు నానిపోయింది. వెతకగా వెతకగా దొరికింది.

అన్నీ కూడితే 1,020 నిమిషాలు. ఐదుతో భాగిస్తే 204. సగటున 3 గంటల 24 నిమిషాలు. సరే, ఆ లెక్కన ఒకే ధర పెట్టేద్దామా?

పెట్టామనుకుందాం. 20 నిమిషాల పని ఉన్న ఇంటివాళ్ళు 3 గంటల డబ్బు ఇస్తారా? ఇవ్వరు. ఇంకొకరిని పిలుచుకుంటారు. రెండు రోజుల పని ఉన్నవాళ్ళు మాత్రం సంతోషంగా మనల్నే పిలుస్తారు. తేలిక పనులు పక్కవాడికి పోతాయి. కష్టం పనులన్నీ మన గుమ్మంలోకి వస్తాయి. సగటు తీస్తే లెక్క వస్తుంది గాని, అన్నం రాదు.

ఇంతకంటే పెద్ద సంగతి ఇంకోటి ఉంది. ఇది ప్రాణాల సంగతి.

తప్పు వెతికే పనికి గుత్త ధర ఒప్పుకున్నవాడు ఏం చేస్తాడు? మూడు గంటలు దాటింది. తప్పు దొరకలేదు. ఇంకో ఇంట్లో పని ఎదురుచూస్తోంది. ఇక్కడ ఎంతసేపు ఉన్నా పైసా ఎక్కువ రాదు. అప్పుడు బుద్ధి అడ్డదారి తొక్కుతుంది. ఫ్యూజులో సన్న తీగ తీసి లావు తీగ చుడతాడు. లేదా ఆర్.సి.సి.బి.ని తప్పించి వైర్లు నేరుగా కలిపేస్తాడు. లైట్లు వెలుగుతాయి. డబ్బు చేతిలో పడుతుంది. అందరూ సంతోషం.

ఆర్.సి.సి.బి. అంటే ఏమిటో తెలుసుకోవాలి. మెయిన్ బోర్డులో ఉండే చిన్న పెట్టె అది. దాని మీద 'టి' అనే అక్షరంతో ఒక బటను ఉంటుంది. కరెంటు వెళ్ళిన దారిలోనే తిరిగి రావాలి. దారి తప్పి నేలలోకి గాని మనిషి ఒంట్లోకి గాని పోతే ఆ పెట్టె కనిపెడుతుంది. వెంటనే కరెంటు ఆపేస్తుంది. ఇళ్ళలో పెట్టేవి సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పేసరికి ఆగిపోతాయి. ఒక ఆంపియరులో వెయ్యి భాగాలు చేస్తే, అందులో 30 భాగాలు. అంత కొంచెం కరెంటు కూడా గుండె మీదుగా పోతే ప్రాణం తీయవచ్చు.

అలాంటి కాపలాదారును తీసేస్తే ఏమవుతుంది? తప్పు గోడలో అలాగే ఉంటుంది. తడి చేతితో గ్రైండరు ముట్టుకునేది ఎవరు? వాషింగ్ మిషన్ మూత తీసేది ఎవరు? ఇల్లాలే. లేదా ఆ ఇంట్లో పనిచేసే మనిషి. బేరం ఎవరు ఆడినా దెబ్బ తగిలేది వాళ్ళకే. అందుకే గోడ ముట్టుకుంటే జిల్లుమంటోంది, కరెంటు పడిపోతోంది, బోర్డులో కాలిన వాసన వస్తోంది అన్నప్పుడు గుత్త ధర అడగవద్దు. మీరు చెప్పేవారైతే చెప్పవద్దు.

మరి ఫోన్లో ఏం చెప్పాలి? ఆమె ఇలా చెబుతుంది.

"వచ్చి చూసినందుకు ఇంత తీసుకుంటామండి. గంటసేపు వెతుకుతాడు. ఏం తప్పో తెలిశాక బాగుచేయడానికి ఎంతవుతుందో చెబుతాడు. మీరు సరేనంటేనే మొదలుపెడతాడు. గంటలో దొరక్కపోతే ఆ పైన గంటకింత. అదీ మిమ్మల్ని అడిగాకే."

ఇది విని ఇంట్లో అత్తగారికి నచ్చలేదు.

"ఏటే, చూసినందుకే డబ్బులేటి? జనం నవ్వుతారు."

"డాక్టరు చూసినందుకు ఫీజు తీసుకోడా అత్తా? మందుల డబ్బు వేరే కదా?"

"డాక్టరు చదువుకున్నాడే."

"మీ అబ్బాయి ఐ.టి.ఐ. చదవలేదేటి?"

అత్తగారు ఇంకేమీ అనలేదు.

చూసే పనికి గుత్త ధర పెట్టవచ్చు. ఎందుకంటే గంట అంటే గంటే. బాగుచేసే పనికి తప్పు తెలిసిన తర్వాత ధర పెట్టవచ్చు. తెలియని పనిని ఇలా రెండు ముక్కలు చేస్తే చాలా వరకు తెలిసిన పని అయిపోతుంది. ఇప్పుడు ఫోను యాప్‌లలో పని పిలిచినా ఇంచుమించు ఇదే పద్ధతి. ఫ్యానుకు, స్విచ్చికి ధర ముందే రాసి ఉంటుంది. తప్పు వెతకడానికి మాత్రం చూసే ఫీజు వేరుగా ఉంటుంది. అమెరికాలో కార్ల షెడ్లలో ఏ పనికి ఎన్ని గంటలో పుస్తకాలే అచ్చువేసి పెట్టుకుంటారు. మన అక్క నోటు పుస్తకం కూడా అలాంటిదే. కాకపోతే చేత్తో రాసింది.

కొన్ని పనులు చూడటానికి తేలికగా ఉంటాయి. ఊరిని బట్టి మారిపోతాయి. స్విచ్చి మార్చడం చూడండి. మిథిలాపురిలో పది నిమిషాలు. సముద్రం ఒడ్డున రుషికొండ వైపు వెళితే అదే స్విచ్చి గంట పట్టవచ్చు. ఉప్పు గాలికి ఇనుప స్క్రూలు తుప్పు పట్టి ఊడి రావు. రాగి తీగ మీద చిలుం పడుతుంది. గోడలో ఇనుప పెట్టె చిల్లులు పడి ఉంటుంది. అందుకని స్విచ్చికి గుత్త ధర చెప్పినా, "లోపలి పెట్టె పాడైతే దానికి వేరే" అని ముందే చెప్పాలి.

ఇంకోటి ఎర్తింగు. ఇంటికి ఎర్తు కోసం గొయ్యి తవ్వుతారు. పైపు గాని ప్లేటు గాని దించుతారు. పాత పద్ధతిలో చుట్టూ బొగ్గు, ఉప్పు వేస్తారు. సామాను ఖర్చు తెలుసు. తవ్వడమే తెలియదు. మధురవాడ కొండల పక్క ఊరు. ఒక సందులో మెత్తని ఎర్రమట్టి. గునపం జారినట్టు దిగుతుంది. నాలుగు ఇళ్ళ అవతల రెండు అడుగులకే రాయి ఖంగుమంటుంది. కాబట్టి సామానుకు, పైపు బిగించడానికి గుత్త. తవ్వకానికి అడుక్కింత, లేదా రోజు కూలి. రాయి తగిలితే ఆపి మళ్ళీ మాట్లాడుకోవాలి. నుయ్యి తవ్వించినవాళ్ళకు ఈ మాట కొత్త కాదు.

కొత్త ఇంటి వైరింగుకు పాయింటు రేటు ఉంటుంది. పాయింటుకు ఇంత అని మేస్త్రీ చెబుతాడు. ఇదీ గుత్తే. మంచి పద్ధతే. పది పాయింట్లు పెరిగితే పది పాయింట్ల డబ్బు పెరుగుతుంది. కాని పాయింటు అంటే ఏమిటో ముందే తేల్చుకోవాలి. ఒక లైటు, దాని స్విచ్చి కలిపి ఒక పాయింటా? బోర్డు మీద ఉండే ప్లగ్గును వేరే పాయింటుగా లెక్కిస్తారా? గీజరుకు, ఏసీకి పెట్టే పెద్ద ప్లగ్గుకు రేటు వేరుగా ఉంటుందా? మెట్ల దగ్గర కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి పెడతారు. అది ఒకటా, రెండా? గోడ గాడి కొట్టేది ఎవరు, పూసేది ఎవరు? ఇల్లు కట్టుకునే ఆడవాళ్ళు ఈ ప్రశ్నలు అడగాలి. జవాబులు కాగితం మీద రాయించాలి. కింద ఇద్దరూ సంతకం పెట్టాలి. మీకు చదవడం వచ్చు కదా. చదివే పెట్టండి.

ఇళ్ళు ఒకేలా ఉంటే గుత్తకు ఇంకా అనుకూలం. మధురవాడ చుట్టుపక్కల ప్రభుత్వం జె.ఎన్.ఎన్.యు.ఆర్.ఎం. పథకం కింద కట్టించిన ఇళ్ళు ఉన్నాయి. ఒక వరసలో ఇళ్ళన్నీ ఒకే నమూనా. బోర్డు ఎక్కడుందో, పైపు ఎటు పోయిందో ఒక ఇంట్లో చూస్తే పది ఇళ్ళలో తెలిసినట్టే. అక్కడ పాత బోర్డు మార్చడానికి కూడా ఒకే ధర చెప్పవచ్చు. పది ఇళ్ళవాళ్ళు కలిసి పిలిస్తే ఇంకా తగ్గించమని అడగవచ్చు. పాత ఊళ్ళో ఇల్లు అలా కాదు. తాత ఒక వైరు వేయించాడు. కొడుకు ఒకటి అతికించాడు. మనవడు మేడ మీదికి ఇంకోటి లాగాడు. అక్కడ చూడకుండా ధర చెప్పడం చీకట్లో రాయి విసరడమే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. స్తంభాలు కూలిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. నీరు చేరిన ఇళ్ళలో బోర్డులు నానిపోయాయి. అలాంటి సమయంలో ఫ్యాను, స్విచ్చి కూడా తెలిసిన పనులు కావు. ముందు ఆరాలి. మీటరు పెట్టి వైర్లు పరీక్షించాలి. అప్పుడే కరెంటు ఇవ్వాలి. గాలివాన తర్వాత మామూలు గుత్త ధరలు పక్కన పెట్టి, చూసే ఫీజుతోనే మొదలుపెట్టడం మంచిది.

ఒక పనికి మాత్రం గుత్తా లేదు, కూలీ లేదు. స్తంభం, స్తంభం నుంచి మీటరు దాకా వచ్చే తీగ, మీటరు, దాని సీలు. ఇవి కరెంటు సంస్థవి. మన విశాఖలో ఆ సంస్థ ఏపీఈపీడీసీఎల్. అక్కడ తప్పు ఉంటే 1912కు ఫోను చేయాలి. "రెండొందలు ఇస్తాం, స్తంభం ఎక్కి కలిపేయవయ్యా" అని బయటి ఎలక్ట్రీషియన్‌ను ఎవరూ అడగకూడదు. అడిగినా ఆ ఇల్లాలు ఒప్పుకోదు. ఆమె పుస్తకంలో ఆ పనికి గడి లేదు.

ధరల కాగితం రాసి గోడకు అంటించుకుంది ఆమె. పైన గుత్త పనులు. కింద చూసే ఫీజు పనులు. ఆరు నెలలకు ఒకసారి పుస్తకం తీసి మళ్ళీ కూడుతుంది. పెట్రోలు ధర మారుతుంది. వచ్చే పనుల సంఖ్య మారుతుంది. కింద ఉన్న పని ఒకటి పైకి ఎక్కవచ్చు. పైన ఉన్నది కిందికి దిగవచ్చు. ఇన్వర్టరు బిగించడం మొదట కింద ఉండేది. పదిహేను రాసి చూశాక పైకి ఎక్కింది.

లెక్క చేయండి

గీజరు బిగించే పని. గీజరు 2,000 వాట్లది. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. 2,000ని 230తో భాగిస్తే దాదాపు 8.7 ఆంపియర్లు. చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లకే చాలుతుంది. కాబట్టి 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు, ఎర్తు తప్పక ఉండాలి.

ఆమె పుస్తకంలో ఎనిమిది గీజరు పనులు ఉన్నాయి. పెద్ద ప్లగ్గు ఉన్న ఇళ్ళు ఐదు. అక్కడ పట్టిన నిమిషాలు: 60, 70, 65, 55, 75. పెద్ద ప్లగ్గు లేని ఇళ్ళు మూడు. మెయిన్ బోర్డు నుంచి కొత్త వైరు లాగాలి. అక్కడ 2 గంటలు, 6 గంటలు, 3 గంటలు పట్టింది.

మొదటి ఐదింటి సగటు ఎంత? మిగతా మూడింటికి ఒకే ధర పెట్టవచ్చా? ఇప్పుడే ఫోను మోగింది. "గీజరు కొన్నామండి, బిగించడానికి ఎంత?" అంటున్నారు. మీరు ముందుగా ఏం అడుగుతారు?